దాటేసిన లైను

బ్యాంకులో అమ్మకు కుర్చీ ఇచ్చినారు.
నాయన నిలబడే ఉన్నాడు,
కుడిచేతిని ఎప్పట్లాగే టవాలు కింద పెట్టుకుని.
ఆదోనిలో ఆ చెయ్యి తెలియనోళ్లు ఎవరని దాచుకోవడం?
జిన్నింగు మిల్లు రోలరు నాలుగు వేళ్లు తీసుకున్న ఏడు
నేను ఒకటో తరగతి.
బొటనవేలు మిగిలిందిలే హుసేనప్పా,
ముద్ర వేసుకోడానికి పనికొస్తుంది
అన్నాడంట మేస్త్రీ, ఆస్పత్రికి బత్తాయిలు తెచ్చి.

పనికి రాలేదు.
అడ్డంగా కుట్లు పడిన ఆ వేలిని
మిషను మూడుసార్లు వద్దనింది.
ఎర్ర లైటు.
ఎర్ర లైటు.
మళ్లీ ఎర్ర లైటు.
"కన్ను పెట్టప్పా" అన్నాడు కౌంటరు పిల్లోడు.
కన్ను పెట్టినాడు. పచ్చగా వెలిగింది.

అమ్మను కన్ను అడగలేరు కదా.
వేళ్లేమో పదహారేళ్లుగా విత్తనం బుడ్డలు వలిచి వలిచి
గీతలు అరిగిపోయినాయి.
చూపుడువేలు తలనూనెకు రుద్ది పెట్టింది,
ఉంగరం వేలు చీర కొంగుకు తుడిచి పెట్టింది,
ఆఖరికి ఎడమచేతి చిటికెన వేలు
మాకు అప్పు పుట్టించింది.
"ఇద్దరం కలిసి ఒక ముద్ర అయినాంలే కుళ్లాయమ్మా"
నాయన నవ్వినాడు.
పిల్లోడు నవ్వాల్నా వద్దా తెలియక
స్టాప్లరు వెతుక్కున్నాడు.

మా ఫైలు నిండా శాతాలే.
సదరం కాగితంలో అమ్మ నూరు, నాయన అరవై,
ఇంటరులో నేను తొంభై రెండు,
వడ్డీ పదిన్నర.

అంతకు ముందు చీటీల వీరభద్రుడు ఇస్తానన్నాడు,
పింఛను కార్డులు రెండూ తన బీరువాలో పెడితే.
"అది నా చేతికట్టె అనుకో అన్నా,
కట్టె కుదువబెట్టి ఇంటికి ఎట్ల పోదును?"
అని లేచి వచ్చేసింది అమ్మ,
వాళ్ల గడప ఎత్తు ఎంతో కూడా
ఎవరినీ అడగకుండా.

పద్నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషు.
అమ్మకు చదివి వినిపించినట్టు
నేను సంతకం పెట్టాలంట.
ఒక్కో లైను తెలుగు చేసుకుంటా పోయినా.
ఆరో పేజీలో
విద్యార్థి కట్టలేకపోయినా,
విద్యార్థి చనిపోయినా,
అన్న చోట
పై లైను నుంచి కింది లైనుకు జారినా, మెల్లగా.

"ఏందో దాటేసినావు."
"లేదుమా."
"ఊపిరి మింగినావు పాపా.
లొట్టకాయ చేతికి తగిలితే తెలీదా నాకు?
చదువు."

చదివినా.
ఏసీ శబ్దం ఒకటే వినపడింది కొంతసేపు.
నాయన టవాలు ఆ భుజం మీద నుంచి
ఈ భుజానికి మార్చుకున్నాడు.
అమ్మ వేళ్ల కణుపుల మీద లెక్క కట్టింది.
నెలకు మూడు వేల రెండొందలు,
డబ్బా వలిస్తే ఇరవై,
నూట అరవై డబ్బాలు.
"అంత కూలి ఏ సేటు ఇస్తాడు గానీ,
నువ్వు బతికుండు చాలు,
మిగతాది వలుచుకుందాం" అనింది,
చిటికెన వేలు మళ్లీ చాపుతా.

అనంతపురంలో ఫార్మసీ కాలేజీ, మొదటి రోజు.
గుంతకల్లులో బండి మారి, నిద్ర లేక,
సంచిలో బుడ్డల పొడి వాసన మోసుకుని
క్లాసు గుమ్మం దగ్గర వరసలో నిలబడినా.
హాజరు మిషను.
వేలు పెట్టినా.
తడమలేదు, రుద్దలేదు,
మొదటిసారికే
పచ్చ లైటు.

ఎందుకో సిగ్గేసింది.
వేలు తీసి చూసుకున్నా,
గీతలన్నీ ఉన్నాయి,
ఒక్కటీ అరగలేదు.

వెనక పిల్ల
"జరుగక్కా, బెల్లు కొట్టినారు" అంటా ఉంది.