నీలం టిక్కులు

ఎన్ని నోటుబుక్కుల మీద టిక్కులు పెట్టిన్నో
లెక్క నాకే తెల్వదు.
ఇరవై తొమ్మిదేండ్లు. ఎర్ర సిరా.
అంగీ జేబు కింద ఎప్పుడూ ఓ మరక.
ఇప్పుడు టిక్కులు నాకు పడుతున్నయి,
నీలంవి, రెండేసి,
అదీ వాళ్లకు పొద్దు దొరికితే.

పాలమూరుల మూడొద్దులు ట్రైనింగు.
నేర్పించెటోడు ఒకప్పుడు నా ఆరో తరగతిల
ఆఖరి బెంచీ అంజిలయ్య.
"సార్, అంత గట్టిగ వత్తొద్దు, తాకితే చాలు" అన్నడు.
వాని చెవి నేనెంత గట్టిగ మెలిపెట్టిన్నో
ఇద్దరికీ యాదికొచ్చింది.
ఇద్దరం ఫోను దిక్కే చూసినం.

గ్రూపు పెట్టిన. ఏడో తరగతి, తల్లిదండ్రులు.
ఊర్ల ఉన్నోళ్లు పదిమందే.
మిగిలినోళ్లు భివండి, పూణె, సూరత్.
నంబర్లిచ్చింది పిల్లల అవ్వలు,
బియ్యం డబ్బా మూతకు లోపలిదిక్కు
బొగ్గుతోని రాయించుకున్నవి.
ఒకదాంట్ల అంకె చెరిగిపోయి
నాందేడ్‌ల ఎవరో మిఠాయి దుకాణమాయన
నెల దినాలు మా గ్రూపుల ఉన్నడు.
రోజూ పువ్వు బొమ్మతోని గుడ్ మార్నింగ్ పెట్టెటోడు.
తీసెయ్యబుద్ధి కాలే.

బడి కాడ సిగ్నల్ రాదు.
కోయిల్‌కొండ తొవ్వల గుట్టెక్కాలె,
సీతాఫలం చెట్లు దాటి, నల్లబండ పక్కన,
చెయ్యి మీదికి లేపి నిలబడాలె
జవాబు తెలిసిన పిలగాని లెక్క.

మొదట్ల టైపు చేసిన, ఒక్క వేలుతోని.
"మీ అమ్మాయి ప్రగతి సంతృప్తికరముగా నున్నది."
ఆ ఒక్క ముక్కకు అరగంట.
టిక్కులు నీలమైనయి. జవాబు లేదు.
మళ్ల పంపిన. మళ్ల నీలం.
కోపమొచ్చింది, అబద్ధమెందుకు?
చూసి ఊకున్నరంటే
సర్కారు బడి పంతులంటే లెక్కలేదనుకున్న.

ఒకనాటి రాత్రి పదకొండుకు ఫోను వణికింది.
నలభై సెకండ్ల మాట,
సగం మిక్సర్ మిషిను మోతే.
"సారూ, కుర్మయ్యను, సుమలత నాయినను.
నువ్వు పెట్టేవన్నీ తెరిచి చూస్తున్న.
నాకు చదువు రాదు గద.
నీ నోటితోని చెప్పు."

తెల్లారి సుమలతను, వాళ్ల అవ్వను
వెంటబెట్టుకొని గుట్టెక్కిన.
మైకు బొమ్మ ఎట్ల పట్టాలో పిల్లనే చూపెట్టింది.
"వేలు లేపితే మాట తెగుతది సార్."
పోయిన పరీక్షల రాసిన వ్యాసం చదివింది,
నేను చూసిన ఇల్లు.
నాయిన కట్టే ఇరవై రెండంతస్తుల ఇల్లు,
చూడనిదాన్ని చూసినట్టే రాసింది.
అంతస్తుకొక సీతాఫలం చెట్టు పెట్టింది.
నేను దానికి పదికి ఆరేసిన,
విషయం తప్పిపోయిందని.
పుస్తకం అట్ట మీద తన పేరు
ఫోటో తీసి పెట్టుమన్నది. పెట్టిన.

నాలుగొద్దులు ఏం లేదు.
ఐదోనాడు ఒక ఫోటో.
పచ్చి సిమెంటు. దాని మీద వేలితోని గీసిన
ఒకే ఒక్క 'సు'.
కొమ్ము ఎడమదిక్కు తిరిగింది.

జేబులకు పోయింది నా చెయ్యి, అలవాటు.
ఫోటో మీద గీసే పెన్నొకటి ఫోన్లనే ఉన్నదని,
దాంట్ల ఎరుపు గూడ ఉంటదని
అంజిలయ్య చెప్పినట్టు యాది.
వెతికి తెరిచిన.
ఎరుపు తాకిన.

అట్లనే శానసేపు.

కింద బడిగంట కొడుతున్నరు.
పెన్ను మూసేసి దిగిపోయి సుమలతను పిలిచిన.
"కొమ్మెటు తిరగాలో మీ నాయినకు నువ్వే చెప్పు."
చూసింది. నవ్వలే.
"ఈపాటికి ఆరిపోయుంటది గద సార్."

"ఇంకో అంతస్తు పోస్తరులే."