మూడు కిలోమీటర్లు

బోర్డు మీద రాసుంది: మూడు కిలోమీటర్లు, పిల్లలకు సులువు.
రాసినవాడికి మా టోమ్కె తెలియదు.

ఆపిల్ తోటలోనే అరగంట.
రాలిన ప్రతి పండునూ తిప్పి చూడాలి,
పురుగు ఇంట్లో ఉందో లేదో.
"ఉంది, నిద్రపోతోంది" అని
గుసగుసగా చెప్పి మళ్ళీ అలాగే బోర్లించాలి.

ఓక్ అడవిలో వీబ్కె నానమ్మ ముందు నడిచింది,
జేబులో ఓక్ కాయలు గలగలమంటుంటే.
హిన్నెర్క్ కర్రతో నేలంతా గీత గీసుకుంటూ వచ్చాడు,
తప్పిపోతే వెనక్కి రావడానికట.
వెనక నడిచినవాళ్ళం కాళ్ళీడ్చి చెరిపేశాం.

తర్వాత చిత్తడి.
పోటు రోజుల్లో ఎల్బె నది వచ్చి చూసిపోయే నేల.
రెల్లులో తీతువు అరిచింది.
ఇక్కడ దాని కూతకు ఎవరూ గుండె పట్టుకోరు.
టోమ్కె బదులుగా తనూ అరిచింది,
అరుస్తూనే గట్టు దిగింది.

బురద ఒక్క గుటకలో
ఎర్ర బూటు మింగింది.
మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను;
చల్లగా, మెత్తగా, ఏమీ తిరిగివ్వని చోటు.

ఏడుస్తుందనుకున్నాం.
ఒంటికాలి మీద నిలబడి కాసేపు ఆలోచించి
"పోనీ, దానికీ ఒకటి ఉండాలిగా" అంది.

మిగతా దారంతా నా వీపు మీదే,
తడి మేజోడు నా నడుముకు తగులుతూ.

రెండో బూటు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.
పారేద్దామంటే ఒప్పుకోదు:
చిత్తడి ఎప్పుడైనా జత అడగొచ్చట.