బొక్కెన

ఎర్రగుంట్లకు ఇవతల, పాలిషింగ్ ఫ్యాక్టరీ కాటా గదిలో
మౌసు లేదు.
రాతిదుమ్ము తిని పోయినేడాదే చచ్చింది.
కీబోర్డు మీద పాలిథిన్ కవరు కప్పి
పైనుంచే కొడతా.
తెర నల్లగా ఉంటుంది,
ఇప్పుడే నీళ్ళు చల్లి తుడిచిన కడప బండ మాదిరి.
దాని మీద ఒక మూల
ఆరుతూ వెలుగుతూ తెల్లటి గీత,
ఏం కావాలో చెప్పు అన్నట్టు.

ఇక్కడ నెట్టు కొళాయి లాంటిది.
చెప్పి రాదు.
వచ్చినా సన్నగా వస్తుంది, దగ్గుతుంది,
గాలి వదిలి ఆగిపోతుంది.
ఆరు రోజులకోసారి నీళ్ళొచ్చే వీధిలో
బిందెలు, డ్రమ్ములు, ఆఖరికి పసిపిల్ల ఉగ్గుగిన్నె కూడా
నింపి పెట్టుకునేదాన్ని,
నాకు ఒకరు నేర్పాలా?
ఒక రాత్రి రెండు గంటలప్పుడు
సిగ్నలు నాలుగు గీతలూ నిలబడితే
ప్రోగ్రాము భాషకు, డేటాబేసుకు, ప్రింటరుకు
ఉన్న పుస్తకాలన్నీ పట్టి పెట్టుకున్నా.
తెల్లారేసరికి తొట్టి నిండింది.

అప్పట్నించి ఒక్క మాట కొడితే చాలు.
ఆ పనిముట్టుకు ఎవరో పెట్టిన పేరు నోరు తిరగక
నేనే మార్చుకున్నా: బొక్కెన.
బొక్కెన, పక్కన నాకు తెలియని మాట, ఎంటర్.
గిలక చప్పుడు కూడా లేకుండా
పేజీ పైకి వస్తుంది.
ఏటవాలు గీత కొట్టి వెతుకుతా,
స్పేసు కొట్టి కిందికి దిగుతా,
క్యూ నొక్కితే మళ్ళీ నల్లబండ.

"బొమ్మల్లేవు, రంగుల్లేవు, యామి సూస్తాండావు మే దాంట్లో?"
తూకానికి వచ్చిన డ్రైవరు దస్తగిరి.
"ఒకే లారీ ఖాళీ బరువు పూటకో రకంగా యాల సూపిస్తాందో
సూస్తాండా న్నా."
"దొరికిందా?"
"నలభయ్యో పేజీలో ఉండా."
అతను బీడీ ఆర్పేసి గడప మీద కూచున్నాడు.
చదువుకునే మనిషి దగ్గర పొగ తాగకూడదంట.

దొరకలేదు.
ఆ పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి
మా కాటా ప్రోగ్రాము తప్ప.
అది రాసిన గంగిశెట్టి సారు
ఆదోనిలో ఏదో జిన్నింగు మిల్లుకు పోయినాడు,
నంబరు మార్చినాడు.
మూడు వేల వరుసల్లో ఆయన మనకోసం వదిలిన మాట ఒక్కటే:
'దీని జోలికి పోవద్దు.'

పోయినా.
తొమ్మిది రాత్రులు బొక్కెన వేస్తా, తోడతా
పోయినా.
ఏడువందల పన్నెండో వరుసలో
బండి ఊగడం ఆగకముందే
బరువు రాసేసుకుంటున్నాడు సారు.
అంతే.
రెండు సెకన్లు ఆగమని చెప్పినా.

తర్వాత ఖాళీ ఫైలు తెరిచి, తెలుగులోనే:
'బండి కాటా ఎక్కినాక ఊగుతుంది.
ఊగేటప్పుడు తూకం నమ్మొద్దు.
రెండు సెకన్లు అందుకే.
తగ్గించాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.'
కింద నంబరు. మాబున్ని.
దాన్నీ అదే తొట్టిలో వేసి
బొక్కెన, కాటా, ఎంటర్.

వచ్చింది.
గుణింతాలు ఊడి, ఒత్తులు పక్కకు జారి
కటింగు మిషను కింద నెర్రె విచ్చిన పలక లాగా.
'ఊగేటప్పుడు' దగ్గర కొమ్మొకటి
అక్షరాన్ని వదిలి ఒంటరిగా నిలబడి ఉంది.
దస్తగిరి కళ్ళు చిట్లించి
తెర మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు:
"తూ... కం... నమ్మొద్దు."
దుమ్ములో అతని వేలి జాడ పడింది.
"ఎవురికి రాసినావు మే ఇది?"

తెలీదు. ఈ కుర్చీలో ఎవరు కూచుంటే వాళ్ళకు.

బయట హారను.
పదహారు చక్రాల బండి కాటా ఎక్కింది.
దాని ఊగు ఆగేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.