ఒక వేలు పెద్దగ

దేవుని కాలు కొలత ఎవరికీ తెల్వదు.
మా తాత మూర వెట్టి కుట్టిండు,
మా నాయిన తాత జతను చూసి కుట్టిండు,
నేను కుట్టనన్న.
మూడేండ్లు కుట్టనన్న.

పూనాల బంగ్లా పునాది కాడ
మట్టిపెళ్ల ఇరిగి పడ్డనాడు
అంజిలమ్మ తట్ట ఎత్తుకొని లోపల్నే ఉండె,
ఆమె ఎనుక నీళ్ల డబ్బతోని పిల్లగాడు.
నేను బీడీకట్టకు పోయిన.
గంతే. బీడీకట్టకు.
బతికినోని కథ ఇంత చిన్నగ ఉంటదని
ఎవరికి చెప్పుకోవాలె.

వానికి గుట్ట మీది దేవుని పేరే పెట్టుకుంటిమి,
కుర్మయ్య అని.
పేరిచ్చినోడు
పేరు కోసమన్న రాకపాయె.

ఊరికొచ్చేటప్పుడు నా సంచిల
రెండు సావు కాయితాలు,
ఒక సిమెంటు సంచి తుక్డ.
తుక్డ మీద బొగ్గుతోని గీసిన వాని ఎడమకాలు.
పండుగకు చెప్పులు కుడ్తనని గీసిన.
కితకితలైతున్నయని కాలు గుంజుకున్నడు,
చిటికెనవేలు కాడ గీత వంకర పోయింది.

దీపావళి అమాస ముందట
మేనమామ మొగులప్ప వచ్చి గడప కాడ కూసున్నడు.
"ఈ యేడన్న ఆరె పట్టుర."
"కాళ్లున్నోడైతే ఆనాడు గుట్ట దిగి రాకపోవునా మామా?"
ముసలోడు చుట్ట ఆర్పిండు. చానాసేపు ఊకున్నడు.
"ఆ యేడు వంతు నీది. నువ్వేమో పూనాల ఉంటివి.
తొందరల ఎవరో కుట్టిరి.
చెప్పు కరిచిందేమొ రా."

కోపం రావాలె నాకు.
నవ్వొచ్చింది.
ఎనుకనే ఏడుపు,
ఎండకాలం ఊకచెట్టు వాగుకు
ఎక్కడి నీళ్లో వచ్చినట్టు.

తలకు పోసుకొని ఒక్కపొద్దున్న.
తంగేడు చెక్కల నానిన తోలు ముంగట కూసున్న.
మొదటిదినం ఆరె వేలుకు దిగింది.
రెండోదినం చేతికి పాత పని యాదికొచ్చింది.
మంత్రాలు రావు నాకు.
కుట్టు కుట్టుకు ఒక పేరు పలికిన,
అంజిలమ్మ, కుర్మయ్య, అంజిలమ్మ, కుర్మయ్య.
పిలుస్తున్నది కొడుకునో దేవుణ్నో
మడిమె దాకా వచ్చేసరికి నాకే తెల్వకపాయె.

ఎడమ చెప్పు పొరల నడుమ
సిమెంటు సంచి తుక్డ పెట్టి కుట్టేసిన.
ఎవరికీ చెప్పలే.

ఉద్దాల దినం
మా వాడ నీళ్లు ముట్టనోళ్లు
ఆ చెప్పును తలకు పెట్టుకున్నరు,
వీపుకు కొట్టిచ్చుకున్నరు,
పట్వారి మనుమడు కండ్లకద్దుకున్నడు.
లోపల నా పిల్లగాని కాలు,
వంకర చిటికెనవేలుతో సుత.
కక్ష తీరినట్టు కాలే నాకు.
నిమ్మలమైంది.

మరుసటేడు ఆ జతను తిప్పి చూసిన.
ఎడమ మడిమె ఒక్క పక్కకు అరిగింది,
తట్ట మోసెటోళ్లకు అరిగినట్టు.
జనం రాకిడికి అరిగిందంటరు. కావచ్చు.
నలభై ఏండ్ల సంది మడిమెలు చూస్తున్నోణ్ని,
నేనేం మాట్లాడలే.

ఇప్పుడు మక్తల్ బస్టాండ్ల కూసుంటున్న.
బొంబాయి బస్సెక్కెటోళ్ల పిల్లగాండ్లను పిలుస్త,
కాయితం మీద కాలు పెట్టుమంట,
బస్సొచ్చెలోపల టైరు అట్టతోని
ఒక జత కుడ్త.
ఒక వేలు పెద్దగ.
"ఒదులున్నది తాతా" అంటరు.
"మల్లొచ్చేసరికి సరిపోతది, రాండ్రి" అంట.
పైసలిస్తె తీసుకోను,
బీడీ ఇస్తె అస్సలు తీసుకోను.

పెట్టెల సావు కాయితాల మీద
ఇప్పుడు నలభై మూడు కాళ్లున్నయి.

నిన్న జమ్ములమ్మ బిడ్డ వచ్చింది,
పోయిన చలికాలం పోయిన పిల్ల.
దాని కాయితం ఎతికి తీసి
పాత గీత మీద కాలు పెట్టిచ్చిన.
బొటనవేలు దాటింది.
మడిమె సుత దాటింది.
పిల్ల నా మొఖం చూసి, చెప్పులు పాడైనయని కొడ్తడేమోనని
రెండడుగులు ఎనక్కు జరిగింది.

"రా బిడ్డా" అన్న.
మల్ల గీయాలె.