కుర్చీ వేసిన చోటు

రాత్రంతా కురిసింది.
తెల్లారి గంటన్నర పార పట్టి తవ్వితే
కారు లేచింది, నా నడుం పడిపోయింది.

షికాగోలో దీనికో ధర్మం ఉంది, ఏ చట్టంలోనూ రాయలేదు:
తవ్విన చోటు తవ్వినవాళ్ళది.
వదిలి వెళ్ళేటప్పుడు ఇంట్లోంచి ఏదో ఒకటి తెచ్చి
అక్కడ నిలబెట్టాలి.

వీధి పొడుగునా చూడండి,
కుంటి కుర్చీలు, ఇస్త్రీ బల్ల,
రెండు బకెట్ల మీద అడ్డంగా చీపురు,
ఎదిగిపోయిన ఏ పిల్లాడిదో ఉయ్యాల తొట్టి.
ఎవరింటి గుట్టు వాళ్ళ వాకిట్లో.

నాకిది కొత్తేం కాదు.
నరసరావుపేట బస్టాండులో
బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి
సీటు గెలిచిన చెయ్యి ఇది.
ఆ రుమాలు మడిచి మన చేతికే ఇచ్చి
కూర్చునే మహానుభావులూ ఉంటారు, అది వేరే సంగతి.

మా ఇంట్లో కుర్చీలు మూడు, మనుషులం ముగ్గురం.
అందుకని పీట పెట్టి డ్యూటీకి పోయాను.
నేలకు జానెడెత్తు.
మధ్యాహ్నం మళ్ళీ మంచు పడింది.
సాయంత్రానికి పీట ఎక్కడుందో దేవుడికెరుక,
దాని మీద మాత్రం నీలం వ్యాను ఉంది.

పక్కింటి హలీనా మెట్ల మీంచి చూసింది.
రెండేళ్ళుగా మా మధ్య
గుడ్ మార్నింగ్ తప్ప మాటల్లేవు.
లోపలికెళ్ళి
ఆకుపచ్చ రెగ్జిన్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చింది.
"ఎత్తుగా ఉండాలి. నీ కోపం కనబడేంత ఎత్తు."

రెండు నెలలు నిలబడింది ఆ కుర్చీ,
ఎవరినీ కూర్చోనివ్వకపోవడమే ఉద్యోగంగా.
తాళం లేదు, పేరు లేదు,
ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టేయొచ్చు.
ఎవరూ పెట్టలేదు.

నేనే ఒకసారి పెట్టాను.
నైట్ డ్యూటీ దిగి, రెప్పలు వాలిపోతూ,
మూలమీద ఎవరిదో ఇస్త్రీ బల్ల జరిపి కారు దూర్చాను.
మెట్లెక్కి, బూట్లు విప్పి,
మళ్ళీ బూట్లు వేసుకుని దిగాను.

మార్చిలో వీధి మళ్ళీ అందరిదీ అయింది.
నా పీట బయటపడింది, రెండు ముక్కలుగా.
కుర్చీకి పట్టిన ఉప్పు కడిగి
హలీనా తలుపు తట్టాను.
వంటింట్లో బల్ల చుట్టూ మూడు ఆకుపచ్చ కుర్చీలు,
నాలుగోదానికి ఖాళీ.
పెట్టాను.
పెట్టి నిలబడే ఉన్నాను, అలవాటుగా,
అది ఎవరో తవ్వుకున్న చోటన్నట్టు.

"దేనికి పెట్టావు మరి?" అంది
కెటిల్ కింద మంట పెంచుతూ.