జాకీ మీద ఇల్లు

మూసాపేటలో ఇఫ్తెకార్ షెడ్డు ముందు
మా ఇల్లు జాకీ మీదుంది.
పోపుల డబ్బా ఓ పక్కకి ఒరిగింది.
గోడగడియారం వంకరగా నిలబడి
పదకొండున్నర అంటోంది.

టెంపో ట్రావెలర్‌ని ఇల్లు చేసుకున్న రోజు
అందరూ అన్నారు, మీకిక అద్దె బాధ లేదని.
పాల లెక్క రాసే పుస్తకంలోనే
ఇప్పుడిది రాస్తున్నాను:
ఇంజనాయిల్ ఏడు లీటర్లు, మూడువేల నూటయాభై.
ఫిల్టర్లు రెండు, రాణిగంజ్ నుంచి, పదిహేడు వందలు.
వాటిని తెచ్చిన ఆటోకి నూట అరవై వేరే.
గ్రీజు. కూలెంట్.
పేరు తెలియని ఒక వాషరు, ఇరవై.

"ఉగాది తర్వాత శామీర్‌పేట దాటలేదు కదయ్యా,
అప్పుడే ఆయిలేమిటి?"
బండి కింద నుంచి గొంతొక్కటే వచ్చింది:
"నడ్వకున్నా నూనె ముసల్దైతది మేడం.
కిలోమీటర్లు గాదు, నెలలు లెక్కవెట్టాలె."

పాత నూనె తొట్టిలోకి దిగింది,
రెండోసారి మరిగించిన డికాషన్‌లా,
ఏ తొందరా లేకుండా.
అరకు వెళ్దామనుకున్నాం. హంపి కూడా.

మీటరు చూడ్డానికి కుర్రాడు పైకి రాబోయి
మెట్టు దగ్గర ఆగాడు.
చెప్పులు విడిచాడు.
ఈ షెడ్డులో ఇంకే బండికీ విడవగా చూళ్లేదు.
మోచేతుల దాకా గ్రీజు,
మా దుప్పటికి అంటకుండా
చేతులు రెండూ పైకెత్తి నడిచాడు,
పోలీసులకి దొరికినవాడిలా.

మూడు వందలు తగ్గించమందామనుకున్నదాన్ని
టీ పెట్టాను.
ఇల్లు నేలకి దిగేటప్పుడు
ఒక గ్లాసు జరిగి బిల్లు మీదికెక్కింది.
తీసి చూస్తే తడి గుండ్రం,
మొత్తం పక్కన
ఇంకో సున్నా.