సున్న కాదు, ఠ

పుట్టిన తారీఖు అడిగితే
వాన పడ్డ రోజు అన్నది వాళ్లమ్మ,
సగం హిందీల, సగం చేతులతోటి.
మేం జూన్ ఒకటి అని రాసుకున్నం.
ఊరు: బలాంగీర్ అవతల ఎక్కడనో.
టీసీ: లేదు.
పేరు తులాబతి అన్నది.
తులావతి అని రాస్తి నేను.
హాజరు పట్టీల తులసి అయ్యింది,
మధ్యాహ్నం అన్నం లెక్కల తుల్సమ్మ.
ఎట్ల పిలిచినా పలికింది పిల్ల,
ఆకలైనోళ్లు ఏ బంతికైనా లేచినట్టు.

బాలానగర్ దాటినంక ఎడమ దిక్కు
ఇటుకబట్టీల పొగ.
దీపావళి పోంగనే లారీల దిగుతరు,
మొదటి వానకు లారీలెక్కుతరు.
నడుమ ఆర్నెల్లు
మా బడి గోడకు ఆనుకొని ఇంకో రాష్ట్రం.

మొదటి రోజు బోర్డు మీద సున్న చుట్టి
ఇదేంది అంటే
'ఠ' అన్నది.
క్లాసంత ఒకటే నవ్వు.
పిల్ల లేచొచ్చి నా చేతిల చాక్‌పీసు తీసుకొని
తన అక్షరాలు రాసింది వరుసగ.
అన్నీ గుండ్రమే, మనయి లెక్కనే.
మనయి తలకట్టు కట్టుకుంటే
వాళ్లయి గొడుగు పట్టుకున్నయి.
ఆ వరుసల నిజంగనే ఉన్నది
నిండు సున్న ఒకటి, ఠ అయ్యి.

నేను నవ్వలే.
నాకు పూనా యాదికొచ్చింది.

మా నాయిన సెంట్రింగు కింద, మా అమ్మ ఇసుక తట్ట కింద,
నేను మున్సిపాలిటీ బడిల ఆఖరి బల్ల మీద.
నారాయణపేట పిల్లగాన్ని, ఆడ నా పేరు మదరాసీ.
గొంతెండుకపోయి
నీళ్లు, నీళ్లు అని ఏడిస్తే
పెండ్సే బాయి నీలి పెన్సిల్ తెచ్చిచ్చింది.
వాళ్ల భాషల నిళా అంటే నీలం.
రెండో రోజు చెంబు కూడ తెచ్చింది. తర్వాత
నేను ఇంటికొస్తుంటే ఒక కాయితం రాసిచ్చింది.
ఆ కాయితం మీదనే నాకు హాస్టల్ల సీటిచ్చిన్రు.
నాతోటి ఆ ఇసుక కుప్పల మీద ఆడిన రాములు, ఊశన్న
ఇప్పుడు ఎక్కడ కాంక్రీటు పోస్తున్నరో.
వాళ్లకు తెలివి తక్కువ గాదు. కాయితం తక్కువ.

సంక్రాంతి సెలవులైనంక
కోకోల అవుటైతే షాహెదాను తిట్టింది తులాబతి,
అచ్చం మా పాలమూరు తిట్టు.
నేను వినపడనట్టే ఉన్న.
లోపల మాత్రం నూటికి నూరు మార్కులేసిన.

మార్చిల మున్షీ వచ్చిండు బడికాడికి.
మందుల ఖర్చు రెండు సార్లు రాసినవని
పిల్ల నలుగురిల చదివి చెప్పిందంట.
"సదువు చెప్తున్నవా సారూ, కయ్యం నేర్పుతున్నవా?"
లెక్కలు చెప్తున్న అన్న.
పైసలేం వాపసు రాలే.
కాని శనివారం శనివారం లెక్క రాసేటప్పుడు
మున్షీ చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నడంట,
పరీక్షల మా నాలుగో తరగతి పిల్లల లెక్క.

వాన పడ్డది. లారీ పోయింది.
ఆమె సంచి కిటికీల మర్చిపోయింది.
"డ్రాప్‌బాక్సుల వేయండి సార్" అన్నరు మీటింగుల.
ఎర్ర ఇంకు పెన్ను పట్టుకొని చానాసేపు కూసున్న.
ఆ రోజు గీత కొట్టలే. రేపు అనుకున్న.
అట్ల రేపు రేపు అంటనే బోనాలొచ్చినయి.

నిన్న మధ్యాహ్నం ఫోను, తెలువని నంబరు.
"సారూ, మంచిగున్నవా?
ఈడ హాస్టల్ల ఏసుకుంటరంట.
బోనఫైడ్ గావాలె.
నా పేరు సక్కగ రాయి సారూ.
తు, లా, బ, తి.
వ గాదు. బ."
వెనుక ఎవరో ఆమె భాషల గదమాయిస్తున్నరు,
ఆమె వాళ్లకు జవాబు చెప్తనే నాతోటి మాట్లాడుతున్నది,
రెండు దిక్కుల తడబడకుంట.

ఇయ్యాల ముందుగాలొచ్చి బీరువ తీసిన.
ఆమె సర్కారోళ్లు తెలుగు చదవరు,
ఇంగ్లీషుల రాసి, పేరు కింద మళ్ల నాలుగక్షరాలు
తెలుగుల రాసిన, ఎవరి కోసమో.
స్టాంపు ప్యాడు ఎండిపోయున్నది.
బాటిల్ మూత తీసి
రెండు చుక్కల నీళ్లు పోసిన.
నీలం తేలింది.